ఓవర్సీస్ టెరిటరీస్ డైరెక్టరేట్‌లో హెచ్‌ఈఓ పోస్టు: గ్రేడుల లెక్క ఎలా చూడాలి?

క్రాయిడన్_వాసి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. లండన్‌లో ఒక కౌన్సిల్లో ఎమర్జెన్సీ ప్లానింగ్ ఉద్యోగం నాది. బ్రిటిష్ సిటిజన్‌షిప్ ఉంది, ఓసీఐ కార్డు ఉంది. బ్రిటన్ విదేశాంగ శాఖ ఎఫ్‌సీడీఓలో ఓవర్సీస్ టెరిటరీస్ (బ్రిటన్ బయట దాని ఆధీనంలో ఉన్న చిన్న ప్రాంతాలు) డైరెక్టరేట్ చేసే పని మీద ఆసక్తితో అక్కడి పోస్టుల గురించి చదువుతున్నాను. హెచ్‌ఈఓ (హయ్యర్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్) గ్రేడుకి అప్లై చేద్దామనుకుంటున్నాను. చదివేకొద్దీ గందరగోళం పెరుగుతోంది.

ఒక కాగితంలో సీ4 అని ఉంటుంది, ఇంకోదాంట్లో బీ1, మరోదాంట్లో హెచ్‌ఈఓ. ఇవన్నీ ఒకటేనా? లండన్ ఆఫీసులో డెస్క్ (ఒక టెరిటరీ ఫైళ్లు) చూసేవాళ్లు, గవర్నర్ ఆఫీసులో ఉండేవాళ్లు, ఆ టెరిటరీ ప్రభుత్వంలో పనిచేసేవాళ్లు ఒకే సర్వీసు కిందికి వస్తారా? కొన్ని వేల మంది కూడా లేని చోటికి ఎంతమంది సిబ్బంది, ఏ గ్రేడులో కావాలో ఎలా తేలుస్తారు? ఒకే గ్రేడులో రెండు పోస్టులు ఖాళీ ఉంటే వాటి మధ్య తేడా ఏం చూసి పట్టుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

వైట్‌హాల్_ఫైలు

ముందు గ్రేడుల పేర్లు తేల్చుకుందాం, ఎందుకంటే పాత కాగితాలు చదివి మోసపోయేది ఇక్కడే.

సివిల్ సర్వీసు మొత్తానికి వాడే వరస కింద నుంచి ఇది: ఏఏ (అడ్మినిస్ట్రేటివ్ అసిస్టెంట్), ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్), ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్), హెచ్‌ఈఓ, ఎస్‌ఈఓ (సీనియర్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్), గ్రేడ్ 7, గ్రేడ్ 6, ఆ పైన సీనియర్ సివిల్ సర్వీస్. అందులో డిప్యూటీ డైరెక్టర్, డైరెక్టర్, డైరెక్టర్ జనరల్ వస్తారు. 2020 సెప్టెంబరులో పాత విదేశాంగ శాఖ ఎఫ్‌సీఓ, అంతర్జాతీయ అభివృద్ధి శాఖ డీఎఫ్‌ఐడీ కలిసి ఎఫ్‌సీడీఓ అయ్యాయి. అంతకుముందు రెండింటికీ వేర్వేరు కోడ్‌లు ఉండేవి. ఎఫ్‌సీఓలో ఏ1, ఏ2, బీ3, సీ4, సీ5, డీ6, డీ7 అని కింద నుంచి పైకి వెళ్లేది. డీఎఫ్‌ఐడీలో అక్షరాలు పైనుంచి కిందికి దిగేవి. కాబట్టి ఎఫ్‌సీఓ కాగితంలో ఏ2 అంటే ఏఓ, డీఎఫ్‌ఐడీ కాగితంలో అదే ఏ2 అంటే గ్రేడ్ 7. పాత ఎఫ్‌సీఓ డీ6 గ్రేడ్ 7కి సమానం, డీ7 గ్రేడ్ 6కి సమానం, అంకెలు తారుమారు. మీరు చూసిన సీ4, బీ1 రెండూ హెచ్‌ఈఓనే. పాత ఆర్గనైజేషన్ చార్టు చదివేటప్పుడు అది ఏ శాఖదో ముందు చూసుకోండి.

ఇక ఈ డైరెక్టరేట్ పరిధి. టెరిటరీలు 14. అన్నీ దీని చేతిలో లేవు. సైప్రస్‌లోని అక్రోతిరి, ఢెకేలియా స్థావరాలు రక్షణ శాఖ చూసుకుంటుంది. అక్కడి అడ్మినిస్ట్రేటర్ అంటే సైప్రస్‌లోని బ్రిటిష్ బలగాల కమాండరే. జెర్సీ, గర్న్సీ, ఐల్ ఆఫ్ మ్యాన్ అయితే టెరిటరీలే కావు, క్రౌన్ డిపెండెన్సీలు, వాటి సంగతి న్యాయ శాఖది. ఇంటర్వ్యూలో టెరిటరీలనూ, సైప్రస్ స్థావరాలనూ, క్రౌన్ డిపెండెన్సీలనూ కలిపేసి మాట్లాడితే బాగుండదు.

గ్రేడును బట్టి పని స్థూలంగా ఇలా ఉంటుంది. ఈఓ అంటే బ్రీఫింగులు కూర్చడం, ఉత్తరాలకు జవాబులు, మంత్రి పర్యటన ఏర్పాట్లు, చిన్న ఖర్చుల లెక్క. హెచ్‌ఈఓకి ఒకటి రెండు టెరిటరీల డెస్క్ గానీ, అన్ని టెరిటరీలకూ వర్తించే ఒక అంశం గానీ ఇస్తారు. విపత్తులు, పర్యావరణం, చిన్నపిల్లల భద్రత, ఆర్థిక పర్యవేక్షణ లాంటివి. ఎస్‌ఈఓ దగ్గర చిక్కు ఎక్కువున్న టెరిటరీ గానీ పెద్ద ప్రోగ్రామ్ గానీ ఉంటుంది. టీమ్ లీడర్ గ్రేడ్ 7. మంత్రికి వెళ్లే సబ్మిషన్ (నిర్ణయం కోసం పంపే నోట్) రాసేది చాలాసార్లు హెచ్‌ఈఓ లేదా ఎస్‌ఈఓ, దాన్ని దాటించేది గ్రేడ్ 7 లేదా ఆపైవాళ్లు. హెచ్‌ఈఓని మన సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్‌తో పోల్చి చూసేవాళ్లున్నారు. అక్కడ సెక్షన్ ఆఫీసర్ కింద ఒక సెక్షనే ఉంటుంది. ఇక్కడ హెచ్‌ఈఓ కింద ఒక్క ఈఓ కూడా లేకపోవచ్చు.

ఈ డెస్క్ మామూలు దేశపు డెస్క్ లాంటిది కాదు. ఫ్రాన్స్ డెస్క్ చూసే అధికారి ఫ్రెంచి చట్టాలను ఆపలేడు, ఆమోదించలేడు. ఇక్కడ టెరిటరీ శాసనసభ బిల్లు పాస్ చేశాక గవర్నర్ అసెంట్ (ఆమోదం) కావాలి. అటార్నీ జనరల్ అభిప్రాయం వస్తుంది. బ్రిటన్ అంతర్జాతీయ ఒప్పందాలకు అడ్డం వచ్చేదేమైనా ఉందా అని లండన్‌లో లీగల్ అడ్వైజర్లు చూస్తారు. ఆ ఫైలు తిప్పేది డెస్క్. 2020 జులైలో కేమన్ దీవుల సభ డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్ బిల్లును 9–8 ఓట్లతో తిరస్కరించింది. స్వలింగ జంటలకు చట్టబద్ధ గుర్తింపు ఇవ్వాలన్న కోర్టు తీర్పును అమలు చేయాల్సిన బాధ్యత మిగిలిపోయింది. సెప్టెంబరులో గవర్నర్ రాజ్యాంగంలోని సెక్షన్ 81 అధికారంతో సివిల్ పార్ట్‌నర్‌షిప్ చట్టం తెచ్చారు. అలాంటి నెలల్లో డెస్క్ మీద పడే బరువు గ్రేడు పేరులో కనపడదు. పోస్టు వివరాల్లో ‘రాజ్యాంగం’, ‘గవర్నర్ రిజర్వ్‌డ్ అధికారాలు’ అన్న మాటలు ఉంటే ఆ హెచ్‌ఈఓ పోస్టు బరువైనదే అనుకోండి.

దీవుల_లెక్క

పైన చెప్పింది లండన్ వైపు కథ. పోస్టు చూడగానే నేనైతే మొదట అడిగేది జీతం ఎవరిస్తున్నారని. గ్రేడు ఆ తర్వాత. ఎందుకంటే ఇక్కడ మూడు పేరోల్‌లు ఉన్నాయి, నియమాలు మూడూ వేరు.

ఒకటి, ఎఫ్‌సీడీఓ సివిల్ సర్వెంట్లు. లండన్‌లో గానీ, స్కాట్లాండ్‌లోని ఈస్ట్ కిల్‌బ్రైడ్‌లో గానీ, గవర్నర్ ఆఫీసుకి పోస్టింగ్ మీద గానీ పనిచేస్తారు. టూర్ అయ్యాక వెనక్కి వస్తారు. రెండు, గవర్నర్ ఆఫీసు అక్కడికక్కడ తీసుకునే కంట్రీ బేస్డ్ స్టాఫ్. స్థానిక షరతులు, స్థానిక జీతం. గ్రేడు పేర్లు ఒకేలా ఉన్నా లండన్ హెచ్‌ఈఓ జీతంతో పోల్చడం కుదరదు. మూడు, టెరిటరీ ప్రభుత్వ ఉద్యోగులు. వీళ్లు వేరే ప్రభుత్వం మనుషులు, వాళ్ల పబ్లిక్ సర్వీస్ కమిషన్ వేరు, పెన్షన్ వేరు. సెయింట్ హెలెనాకి డాక్టరుగానో ఇంజనీరుగానో కాంట్రాక్టు మీద వెళ్లేవాళ్లు ఈ మూడో రకం. అది చేశాక ‘నేను బ్రిటిష్ సివిల్ సర్వీసులో పనిచేశాను’ అని అప్లికేషన్లో రాస్తే తప్పు.

బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది కదా, ఎక్కడైనా ఉండొచ్చనుకుంటారు చాలామంది. 2002 చట్టంతో టెరిటరీల వాళ్లకు బ్రిటిష్ పౌరసత్వం వచ్చింది, కానీ బ్రిటన్ వాళ్లకు టెరిటరీల్లో ఉండే హక్కు మాత్రం రాలేదు. ఏ టెరిటరీ ఇమిగ్రేషన్ ఆ టెరిటరీదే. పోస్టింగ్ మీద వెళ్లేవాళ్ల జీవిత భాగస్వామికి అక్కడ పని చేసుకునే వీలుందో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇక సిబ్బంది సంఖ్య. జనాభాని బట్టి లెక్కేస్తే ఘోరంగా తప్పుతుంది. పిట్‌కెర్న్‌లో 50 మంది కూడా ఉండరు. అయినా బయట నుంచి డాక్టరు, పోలీసు, టీచరు, కుటుంబ సంక్షేమం చూసే అధికారి వంతులవారీగా రావాల్సిందే, ఎందుకంటే అంత చిన్న ఊళ్లో స్థానికుడే తన బంధువు మీద కేసు పెట్టలేడు. 2004లో అక్కడ జరిగిన లైంగిక దాడుల కేసుల విచారణ తర్వాత ఈ పోస్టులు తప్పనిసరి అని అందరికీ అర్థమైంది. గవర్నర్ మాత్రం అక్కడ ఉండరు. న్యూజిలాండ్‌లోని బ్రిటిష్ హైకమిషనరే వెల్లింగ్టన్ నుంచి ఆ బాధ్యత చూస్తారు. అదే కేమన్, బెర్ముడాలకు జనం ఎక్కువ, బడ్జెట్ సహాయం అక్కర్లేదు. అక్కడ లండన్ పని రాజ్యాంగం, ఆర్థిక సంస్థల నియంత్రణ, పోలీసు మీద ఉంటుంది. మాంట్సెరాట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1995లో మొదలైన అగ్నిపర్వత విస్ఫోటనాలతో రాజధాని ప్లిమత్ పోయింది, దీవిలో దక్షిణ భాగం నివాసయోగ్యం కాకుండా పోయింది. ప్రభుత్వ ఖర్చులో పెద్ద భాగం బ్రిటన్ సహాయమే. కాబట్టి ఆ డెస్క్‌కి బడ్జెట్ షీట్ చదవగలిగే మనిషి కావాలి, ఫైనాన్షియల్ ఎయిడ్ మిషన్ వెళ్లే ముందు లెక్కలు సరిచూడాలి.

గ్రేడు నిర్ణయానికి చాలా శాఖలు వాడే పద్ధతి జెగ్స్. అందులో చూసేవి ఏడు: కావాల్సిన పరిజ్ఞానం, ఎవరితో మాట్లాడాలి, సమస్యల చిక్కు, నిర్ణయాలు, స్వతంత్రంగా ఎంతవరకు పని, మనుషులూ డబ్బూ ఎంత చేతిలో ఉంది, పని ప్రభావం. దీవుల పోస్టులకు ఆరో అంశంలో మార్కులు తక్కువ పడతాయి, ఎందుకంటే కింద మనుషులు ఉండరు, బడ్జెట్ చిన్నది. నాలుగు, ఐదు, ఏడు అంశాల్లో బాగా పడాలి. పోస్టు వివరణ రాసినవాళ్లు ‘గవర్నర్‌కి సహాయపడుట’ అని ఒక్క ముక్కతో వదిలేస్తే ఆ మార్కులు పోతాయి, గ్రేడ్ 7 కావాల్సింది ఎస్‌ఈఓగా తేలుతుంది. తర్వాత ఎవరూ నిలవరు. ఏం నిర్ణయం, ఎవరిని అడగకుండా, తప్పితే నష్టం ఏమిటి అన్న మూడూ ఒక్కో బాధ్యతకీ రాయాలి.

ఎమర్జెన్సీ ప్లానింగ్ మనిషి కాబట్టి మీకో లెక్క. తుఫాను సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. 2017 సెప్టెంబర్ 6న ఇర్మా ఒకే రోజు అంగ్విల్లానీ, బ్రిటిష్ వర్జిన్ దీవులనూ కొట్టింది, ఆ వెంటనే టర్క్స్ అండ్ కైకోస్. అలాంటప్పుడు 24 గంటలూ ఇద్దరేసి కూర్చోవాలంటే మూడు షిఫ్టులు, రోజుకి 6 సీట్లు, వారానికి 42. మనిషి వారానికి 5 షిఫ్టులు చేస్తే తొమ్మిది మంది కావాలి. సెలవులు, జబ్బులు కలిపితే పది. ఒక్కో డెస్క్‌లో ఇద్దరు ముగ్గురే ఉండే చోట ఆ పది మందీ ఎక్కడి నుంచి వస్తారో మే నెలలోనే పేర్లతో సహా రాసి ఉంచకపోతే మొదటి మూడు రోజుల తర్వాత ఎవరికీ కళ్లు తెరుచుకోవు.

ఎక్కువగా దెబ్బతినేది మాత్రం హ్యాండోవర్ దగ్గర. ఒకరు వెళ్లి, ఇంకొకరు రావడానికి మధ్య ఖాళీ, ఆ ఖాళీలో ఇన్‌చార్జిగా టెంపరరీ ప్రమోషన్ మీద ఒకరు, వాళ్ల సొంత సీటు ఖాళీ. ఒక ఖాళీ మూడు ఖాళీలవుతుంది. ట్రిస్టన్ డా కూన్యాలో విమానాశ్రయమే లేదు, కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం. అక్కడి అడ్మినిస్ట్రేటర్ మార్పు ఓడ షెడ్యూల్ చెప్పినప్పుడే. హ్యాండోవర్ నోట్‌లో అసెంట్ కోసం ఆగి ఉన్న బిల్లులు, సంతకం కాని కాంట్రాక్టులు, ప్రీమియర్‌కి నోటిమాటగా ఇచ్చిన హామీలు, పోలీసు కమిషనర్ కాంట్రాక్టు ముగిసే తేదీ తప్పక ఉండాలి. మూడోదే అందరూ వదిలేస్తారు. కొత్త మనిషి ‘అలాంటిదేం లేదు’ అన్న మరుక్షణం గవర్నర్ ఆఫీసు మీద నమ్మకం పోతుంది.

పాత_దస్త్రం

దీవుల_లెక్క గారు చెప్పిన మూడు పేరోల్‌ల విభజన కొత్తది కాదు, దాని మూలం తెలిస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. లండన్‌లో కలోనియల్ ఆఫీసు, బయట కలోనియల్ సర్వీసు రెండూ వేర్వేరు. ఆఫీసు మనుషులు హోమ్ సివిల్ సర్వెంట్లు, లండన్ వదిలేవాళ్లు కారు. సర్వీసు మనుషులకు జీతం ఆయా కాలనీ ఖజానా నుంచి. ఈ ఎడం తగ్గించడానికి కాలనీల నుంచి కుర్ర అధికారులను కొంతకాలం లండన్ డెస్క్‌ల మీద కూర్చోబెట్టేవారు, వాళ్లని బీచ్‌కోంబర్లు అనేవారు. కలోనియల్ ఆఫీసు 1966లో కామన్‌వెల్త్ ఆఫీసులో కలిసింది, అది 1968లో విదేశాంగ శాఖలో కలిసింది. అక్కడితో డెస్క్ మీద ఉన్నవాళ్లు దౌత్యవేత్తలయ్యారు, మూడు నాలుగేళ్లకోసారి మారిపోయేవాళ్లు.

మాంట్సెరాట్ అగ్నిపర్వతం అప్పుడు రాజకీయం ఎఫ్‌సీఓ చేతిలో, డబ్బు డీఎఫ్‌ఐడీ చేతిలో ఉండటం వల్ల ఎవరు నిర్ణయించాలో తేలక పార్లమెంటు కమిటీ చేత గట్టిగా మాటలు పడ్డారు. 1999 శ్వేతపత్రంలో ఎఫ్‌సీఓలో టెరిటరీలకు ప్రత్యేక విభాగం గురించి అంత నొక్కి చెప్పడానికి అదొక కారణం. డబ్బు మాత్రం 2020 దాకా వేరే శాఖలోనే ఉంది. ఇప్పుడు ఒకే డైరెక్టరేట్‌లో ప్రోగ్రామ్ మేనేజర్లూ, డెస్క్ అధికారులూ పక్కపక్కన ఉంటారు. ఈ రెండింట్లో పోస్టు ఏ వైపుది అని చూడండి. ప్రోగ్రామ్ పోస్టుకి బిజినెస్ కేస్, ఆన్యువల్ రివ్యూ, ప్రొక్యూర్‌మెంట్ తెలియాలి. డెస్క్ పోస్టుకి రాయడం, లీగల్ వాళ్లతో పనిచేయడం వచ్చి ఉండాలి. రెంటికీ ఒకే అప్లికేషన్ పంపితే రెండూ పోతాయి.

ఒక్క చోట మాత్రం దీవుల_లెక్క గారితో విభేదిస్తాను. పది మంది రోటా (వంతుల పట్టిక) అన్నది చిన్న తుఫానుకి సరే. 2009 ఆగస్టులో టర్క్స్ అండ్ కైకోస్‌లో అవినీతి విచారణ తర్వాత మంత్రివర్గాన్నీ, సభనీ పక్కనపెట్టి గవర్నర్ నేరుగా పాలించారు, 2012 నవంబరు ఎన్నికల దాకా. గవర్నర్ ఆఫీసు రాత్రికి రాత్రి ప్రభుత్వమైంది. బడ్జెట్, భూముల కేసులు, ప్రాసిక్యూషన్, పబ్లిక్ సర్వీస్ సంస్కరణ అన్నింటికీ నిపుణుల్ని బయట నుంచి తేవాల్సి వచ్చింది. అలాంటిది రోటాతో నడవదు, మూడేళ్లకు సరిపడా వేరే పోస్టులు మంజూరు కావాలి.

క్రాయిడన్_వాసి

అందరికీ చాలా థ్యాంక్స్. ఏ2 సంగతి చదివాక నేను దాచుకున్న చార్టులు మళ్లీ చూడాలి. ఇంకొక్కటి: కౌన్సిల్ అనుభవాన్ని అప్లికేషన్లో ఎలా చూపించాలి? ఓసీఐ, ఇండియాలో ఉన్న ఆస్తి వెట్టింగ్‌లో (భద్రతా తనిఖీలో) అడ్డమవుతాయా?

సిఫ్టు_ప్యానెల్

మొదట ప్రకటన ఎవరికి తెరిచారో చూడండి. ‘అక్రాస్ గవర్నమెంట్’ అని ఉంటే కౌన్సిల్ ఉద్యోగులు రారు, ఎందుకంటే కౌన్సిల్ వాళ్లు సివిల్ సర్వెంట్లు కారు. ‘ఎక్స్‌టర్నల్’ అని ఉండాలి. గడువు చివరి గంటలో కాకుండా ముందు రోజే పంపండి.

తర్వాత బిహేవియర్స్, అంటే పనిలో మీరు ఎలా నడుచుకున్నారో ఉదాహరణలతో చూపించే జవాబులు. మొత్తం తొమ్మిదిలో ప్రకటన కొన్నింటినే అడుగుతుంది, ఒక్కోదానికి 250 పదాలు. మార్కులు 1 నుంచి 7, మామూలుగా 4 వస్తే గట్టెక్కుతారు. అప్లికేషన్లు ఎక్కువొస్తే ‘లీడ్ బిహేవియర్’ అని చెప్పినదొక్కటే ముందు చదువుతారు. కాబట్టి మీ బలమైన ఉదాహరణ దానికే పెట్టాలి, చివరిదానికి దాచొద్దు. ఇంకో సంగతి గమనించండి: హెచ్‌ఈఓ, ఎస్‌ఈఓ రెంటికీ బిహేవియర్ స్థాయి ఒకటే. హెచ్‌ఈఓనే కదా అని ఈఓ స్థాయి ఉదాహరణ రాస్తే మార్కులు పడవు.

మీ రంగంలోంచే తీసుకుందాం. ‘వరద సమయంలో మా బృందం సమన్వయంతో పనిచేసి ప్రజలకు సహాయం అందించింది’ అని రాస్తే 2 కూడా కష్టం. మీరేం చేశారో అందులో లేదు. అదే ‘పంపులు ఒకే చోటికి పంపగలిగే పరిస్థితి. కేర్ హోమ్ అడిగింది, విద్యుత్ సబ్‌స్టేషన్ వాళ్లూ అడిగారు. సబ్‌స్టేషన్ మునిగితే కేర్ హోమ్‌కీ కరెంటు పోతుందని లెక్క చూసి అటు పంపాను, కేర్ హోమ్ వాళ్లని పై అంతస్తుకి మార్చమని మేనేజర్‌ని ఒప్పించాను, నిర్ణయం, కారణం లాగ్‌లో రాశాను’ అంటే ప్యానెల్‌కి పట్టుకోవడానికి దొరుకుతుంది. ఎంపిక ఏమిటి, ఏ సమాచారంతో, ఎవరు ఒప్పుకోలేదు, ఏం జరిగింది. 250 పదాల్లో నేపథ్యానికి 40 దాటనివ్వకండి. టెరిటరీల గురించి మీకెంత తెలుసో చూపించే చోటు ఇది కాదు. అది పర్సనల్ స్టేట్‌మెంట్‌లో రాయండి. సీవీలో పేరు, పుట్టిన తేదీ, కాలేజీ లాంటి గుర్తులు తీసేయమంటే తీసేయండి.

వెట్టింగ్ సంగతి. ఎఫ్‌సీడీఓ సివిల్ సర్వెంట్ పోస్టులకు బ్రిటిష్ పౌరసత్వం కావాలి, అది మీకుంది. ఓసీఐ రెండో పౌరసత్వం కాదు, జీవితకాల వీసా లాంటిది. జాతీయత గడిలో బ్రిటిష్ అనే రాయండి, పూర్వపు జాతీయత అడిగిన చోట ఇండియన్ అని రాయండి, పాత పాస్‌పోర్టు సరెండర్ సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి. వెట్టింగ్‌లో కింద నుంచి పైకి స్థాయిలు సీటీసీ, ఎస్‌సీ, డీవీ. బ్రిటన్‌లో నివాసం సీటీసీకి మామూలుగా 3 ఏళ్లు, ఎస్‌సీకి 5, డీవీకి 10 చూస్తారు. తక్కువుంటే వెంటనే కొట్టేస్తారని కాదు గానీ ప్రశ్నలూ, సమయమూ పెరుగుతాయి. డీవీకి నెలలు పడుతుంది. ఆస్తి ఉండటం అడ్డం కాదు, దాచడం అడ్డం. ఊళ్లో నాన్నగారి పేరుతో కలిపి ఉన్న పొలం, అన్నదమ్ములతో ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి వచ్చే అద్దె, చుట్టాలకిచ్చిన అప్పు, అన్నీ ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆరు నెలల పాటు ఇండియాలో ఉండి వచ్చిన కాలం ఉంటే తేదీలు పాస్‌పోర్టు ముద్రలతో సరిపోవాలి. చాలామంది అంచనాగా రాసి అక్కడే ఇరుక్కుంటారు.

ఇంటర్వ్యూ పాసై పోస్టు రాకపోతే రిజర్వ్ లిస్టులో పెడతారు, అది మామూలుగా 12 నెలలు బతికి ఉంటుంది. ఆ లిస్టు నుంచి అదే గ్రేడులో వేరే డెస్క్ ఇవ్వొచ్చు, అప్పుడు పైన వాళ్లు చెప్పిన ప్రశ్నలే అడగండి: రిపోర్టు ఎవరికి చేయాలి, కింద ఎవరైనా ఉన్నారా, ముందున్న మనిషి ఎప్పుడు వెళ్లారు, తుఫాను రోటాలో పేరుందా.

జీతం సాధారణంగా ఆ గ్రేడు కనీసం దగ్గర మొదలవుతుంది. కౌన్సిల్లో పీఓ (ప్రిన్సిపల్ ఆఫీసర్) గ్రేడు పైమెట్టులో ఉంటే చేతికొచ్చేది తగ్గొచ్చు, ముందే లెక్క వేసుకోండి. పెన్షన్ మాత్రం మర్చిపోవద్దు. లోకల్ గవర్నమెంట్ స్కీమ్ నుంచి సివిల్ సర్వీస్ పెన్షన్ స్కీమ్ ఆల్ఫాకి క్లబ్ ట్రాన్స్‌ఫర్ (ప్రభుత్వ రంగ స్కీముల మధ్య పెన్షన్ మార్పిడి) కావాలంటే చేరిన 12 నెలల్లోపు అడగాలి. చేరిన మొదటి నెలలోనే రెండు స్కీముల దగ్గరా కొటేషన్ తీసుకుని పోల్చి చూడండి.